ఐదో ముఠా కాయిదం

పోయిన వారం గూడ్స్ షెడ్ హమాలీ యూనియన్ నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ల కార్యదర్శికి, మేమందరం అన్న అని పిలిచే ఆయనకు, సన్మానం చేస్తున్నరట.

"మేడం, సన్మాన పత్రం మీరే రాయాలె. మీ రాత ముత్యాల లెక్క ఉంటదని అన్ననే చెప్పిండు" అన్నడు అవతలాయన.

అన్నకు తెల్వక ఇంకెవరికి తెలుస్తది? ఆ ముత్యాలు ఒకసారి ఏరుకపోయిండు గదా.

"నేను రాయను" అని ఫోన్ పెట్టేసిన. వాకిట్ల మంచం మీద కూసున్న బాపు విన్నడు. ఆయనకు ఊపిరి తక్కువ గని చెవులు మస్తు పనిచేస్తయి.

"రాస్తే ఏం పోయేది బిడ్డా. ఆయనకూ పెద్దతనమొచ్చె."

"నీకు రాలేదా?" అన్న నేను.

బాపు అటు తిరిగి పండుకున్నడు.  నేను ఐదో ముఠా కాయిదం రాసిన యాడాది నుంచి, అన్న మాటొస్తే అంతే. అందుకే సన్మాన పత్రం రాయను గని, ఇది రాస్తున్న.

మా స్టేషన్ ఆదిలాబాద్ దిక్కుది. మహారాష్ట్ర ఊర్లు దగ్గర్నే. పత్తి బండ్లు తిరిగే దినాలల్ల రోడ్ల పొంటి తుమ్మకంపకు కూడ పత్తి పూసినట్టు ఉంటది. సంతల సగం మాట తెలుగు, సగం మరాఠీ. బాపు వేములవాడ దగ్గరి పల్లె నుంచి పెండ్లైన కొత్తల ఇక్కడికి వచ్చి గూడ్స్ షెడ్ల హమాలీగ చేరిండు. మేం మాదిగోళ్లం. తాతల కాలం నుంచి మిషన్ చర్చిలోళ్లం. నేను జూనియర్ కాలేజీల పౌరశాస్త్రం చెప్త. ఓటు అంటే ఏంది, ప్రతినిధి అంటే ఎవరు, మెజారిటీ అంటే ఎంత, ఇవన్ని పొద్దంత పిల్లలకు చెప్పేది నేనే. ఇది యాదిపెట్టుకోండ్రి, ముందట నవ్వుకోను పనికొస్తది.

గూడ్స్ షెడ్ల ఐదు ముఠాలు. ముఠా అంటే ఒక మేస్త్రీ కింద కలిసి బస్తాలు దించే మనుషులు. మొదటి నాలుగు ముఠాలల్ల తీరుతీరు కులాలోళ్లు ఉంటరు. ఐదో ముఠా అంటే మా వాడ. ఇరవై రెండు మంది, ఇరవై రెండు మందీ ఒకే చర్చిల చాపల మీద కూసునేటోళ్లు. వాళ్లకు మేస్త్రీ మా బాపు.

గూడ్స్ బండి నిండ ఒక్కటే సరుకు వస్తే దాన్ని ర్యాక్ అంటరు. బియ్యం ర్యాక్, గోధుమల ర్యాక్, చక్కెర ర్యాక్ వస్తే మొదటి నాలుగు ముఠాలు పోయి దించాలె. సిమెంట్ వస్తే, ఎరువులు వస్తే ఐదో ముఠా పోవాలె. ఎవరు పెట్టిండ్రు ఈ పద్ధతి అని అడిగితే "మామూల్" అంటరు. మామూల్ ఒక వింత పెద్దమనిషి. ఎవరినడిగినా ఆయన పేరే చెప్తరు, ఆయన ఇల్లు ఎక్కడున్నదో మాత్రం ఎవరూ చూపియ్యరు.

సిమెంట్ బస్తా ఫ్యాక్టరీ నుంచి వచ్చినంక కూడ లోపట వేడిగనే ఉంటది. ఎండకాలం ఇనుప వ్యాగన్ లోపట వేడి, నెత్తి మీద వేడి బస్తా, చెమట మీద సిమెంట్. ఆ రెండు కలిస్తే తోలు కాలుతది. బాపు మెడ వెనక తోలు నేను పుట్టినప్పటి నుంచి ఎండిన రేగడి లెక్క పగిలే ఉన్నది. సిమెంట్ ర్యాక్ వచ్చిన రోజు అవ్వ, మా అమ్మ, ఆయన రుమాలు కొసకు బెల్లం ముక్క ముడేసేది. బెల్లం తింటే గొంతుల దుమ్ము దిగుతదని నమ్మకం. అందరిండ్లల్ల బెల్లం పండుగకు తెస్తరు, మా ఇంట్ల సిమెంటుకు తెచ్చేది. ఇప్పటికీ ఎవరన్న నాకు పాయసం గిన్నె అందిస్తే ముందు బాపు దగ్గు వినవడ్తది.

నా చిన్నతనంల ఒకసారి అడిగిన, "బాపూ, మీకు బియ్యం ర్యాక్ ఎందుకియ్యరు?" అని.

"మాకు సిమెంట్ అలవాటైంది బిడ్డా" అన్నడు.

పొయ్యి కాడ ఉన్న అవ్వ అటే చూసుకుంట అన్నది, "బియ్యం మీద మన చెయ్యి పడితే వాళ్ల అన్నం మైలపడ్తదట. మనం మోసిన సిమెంటుతోని కట్టిన ఇంట్ల పండుకుంటే మాత్రం ఏం గాదట."

అవ్వ బడికి పోలే. అయినా పౌరశాస్త్రం ఆమెకే ఎక్కువ తెలుసునని నాకు చానా ఆలస్యంగ సమజైంది.

ఇగ అన్న సంగతి. ఆయన పై కులపాయన. చదువుకున్నోడు. జిందగీల బస్తా మోయలే గని యూనియన్ను మాత్రం మోసిండు, అబద్ధం ఎందుకు చెప్పాలె. కాంట్రాక్టర్లు హమాలీలను కుక్కల కన్న హీనంగ చూసే రోజులల్ల ఎర్ర జెండా పట్టి ఐదు ముఠాలను ఒక్కటి చేసింది ఆయనే. మా బాపుకూ అన్న, నాకూ అన్న, నా కొడుకుకూ అన్న. వరస కుదరకపోయినా ఎవరూ మార్చలే. క్రిస్మస్ నాడు మా ఇంట్ల కింద కూసొని, మా పళ్లెంల తిని, "వదినా, ఇంకింత కూర" అని అడిగి ఏయిచ్చుకున్న మొదటి పై కులపాయన ఆయన. ఆ పొద్దు అవ్వ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, పొగకని చెప్పింది.

నా ఇంటర్ అయితనే బాపు సంబంధాలు చూడవట్టిండు. అన్న వచ్చి బాపుతోని కొట్లాడి, నన్ను కరీంనగర్ల డిగ్రీల చేర్పించి, హాస్టల్ల సీటు ఇప్పిచ్చిండు. బస్సు కాడ నిలబడి నాకొక మాట చెప్పిండు: "తప్పు అనిపిస్తే లేచి నిలబడు. నిలబడ్డంక కూసోకు." అప్పటి నుంచి నేను కూసున్నదే లేదు. స్టాఫ్ రూంల నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగుంటది. మా ఆయన అంటడు, "మీ అన్న నిన్ను నిలబెట్టిండు గని, మమ్ముల కూసోనిస్తలేడు" అని.

ఇట్లుండంగ బాపుకు దగ్గు ఎక్కువైంది. ఒకనాడు వ్యాగన్ లోపటనే కూలబడ్డడు. ఎత్తుకొచ్చింది మావాళ్లు గాదు, రెండో ముఠా మేస్త్రీ. మరాఠీ మాట్లాడే మనిషి, పెద్ద మీసాలు, చిన్న మాటలు. డాక్టర్ ఎక్స్‌రే ఎత్తి పట్టి, "ఈ దుమ్ము తగ్గాలె. మొత్తం మానకపోయినా, రోజూ తగులుడు ఆగాలె. లేకుంటే ఈ ఊపిరితిత్తులు ఎక్కువ దినాలు రావు" అన్నడు.

పని మానితే ఎట్ల అని బాపు. పని మానకుంట దుమ్ము తగ్గేది ఎట్ల అని నేను. తొవ్వ ఒక్కటే కనవడ్డది, అదే వంతు. ఏ ర్యాక్ వచ్చినా సరే, ఐదు ముఠాలు వరసల పోవాలె. అట్లయితే సిమెంట్ ఐదుసార్లల్ల ఒక్కసారే బాపు నెత్తి మీదికి వస్తది. ఆ ఊపిరితిత్తులు ఇంకొన్ని ఏండ్లు నడుస్తయి. నేను అడిగింది అంతే. బియ్యం ముట్టుకోవాలన్న మురిపెం గాదు, మా బాపు ఊపిరి.

అన్న దగ్గరికి పోయిన. విని, కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "న్యాయమైన డిమాండ్ బిడ్డా. సర్వసభ్య సమావేశంల పెడదం, ఓటింగ్ పెడదం" అన్నడు. నా కడుపు నిండింది.

ఒకటి, మూడు, నాలుగు ముఠాలు ఒప్పుకోమని ముందే తెలుసు. రెండో ముఠా మేస్త్రీ మాత్రం బాపు కాడికి వచ్చి, "కాకా, మా మీద నాలుగు సిమెంట్ ర్యాకులు పడితే మేం చావం. చెయ్యెత్తుతం" అన్నడు. అందరి కన్న పెద్ద ముఠా వాళ్లదే, మిగిలిన మూడింటి మనుషులను కలిపినా దాదాపు వాళ్లంతే. వాళ్లూ, మావాళ్లూ కలిస్తే గెలిచేది. వేళ్ల మీద లెక్కపెట్టిన, రెండుసార్లు లెక్కపెట్టిన, గెలిచేది.

తిప్పలు ఒక్కటే. యూనియన్ సమావేశం ఎప్పుడూ ఆదివారం పొద్దుగాల పది గంటలకే పెడ్తరు. మా చర్చిల ఆరాధన కూడ పది గంటలకే. ఏండ్లకు ఏండ్లు గట్లనే నడిచింది. అందుకే ఐదో ముఠా ఏ సమావేశంల నిండుగ కూసున్నది లేదు. ఆమెన్ అనంగనే బాపు ఒక్కడు ఉరికేటోడు, ఆయన పోయేటాళ్లకు అక్కడ చాయ్ గ్లాసులు కడుగుతుండేటోళ్లు. ఇది కూడ మామూలే. ఈసారి పెట్టిన ఆదివారం ఇంక అధ్వాన్నం, మా కోత పండుగ. సంఘం మొత్తం తొలి పంట దేవునికి అర్పించే రోజు. అర్పణలు అందుకునే పెద్ద మా బాపు.

బాపూ నేనూ కలిసి పోయినం. "అన్నా, ఒక్క వారం జరుపు" అని బతిమాలినం.

"జరిపితే ఆ మూడు ముఠాలు 'ఐదో ముఠా కోసం తేదీ మారుస్తరా' అని లొల్లి పెడ్తరు. అసలు సంగతి పక్కకు పోతది" అన్నడు అన్న. బాపు భుజం మీద చెయ్యేసిండు. "ఫికర్ చెయ్యకు. నువ్వు పోయి మీ దేవుని పని చూస్కో, మీ పని నేను చూస్త. ఒక కాయిదం రాసియ్యుండ్రి. మా ఓట్లు కార్యదర్శికి అప్పజెప్తున్నం, ఆయన నిర్ణయమే మా నిర్ణయం అని."

"వంతు పద్ధతికే మా ఓటు అని రాస్తే పోదా?" అన్న నేను. ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు నన్ను నేను జర మెచ్చుకోవచ్చు.

"గట్ల పేరు పెట్టి రాస్తే, ముందే గూడుపుఠాణి చేసిండ్రని పేచీ పెట్టి కాయిదమే కొట్టేస్తరు. ఉత్తగ రాయి. నా మీద నమ్మకం లేదా?"

నమ్మకం లేదా అని అడిగితే మావాళ్లు ఏ కాయిదం మీదనన్న సంతకం పెడ్తరు. ఎందుకంటె మమ్ముల ఆ మాట అడిగేటోడే మా జిందగీల దొరకడు.

ఇంటికొచ్చి రాసిన. తెల్ల కాయిదం, నల్ల సిరా, ఒక్క కొట్టివేత లేదు. "ఐదో ముఠా సభ్యులమైన మేము ఇరవై రెండు మందిమి, ఆదివారం జరుగు సమావేశమునకు హాజరు కాలేకపోతున్నందున, మా ఓటు హక్కును కార్యదర్శి గారికి అప్పగించుచున్నాము. వారు తీసుకొను ఏ నిర్ణయమైనను మాకు సమ్మతమే." గట్టిగ చదివి వినిపిచ్చిన.

అవ్వ వాకిట్ల పొట్ల కాయ కోస్తున్నది. కత్తిపీట ఆపి అన్నది, "ఏ నిర్ణయమైనా అని ఎందుకు రాస్తివే? గిది గావాలె అని రాయరాదు?"

"అది పద్ధతి అవ్వా. ఆయనే చెప్పిండు."

"కోడిని తీస్కపోయి కత్తికి అప్పజెప్పి, నీకు ఎట్ల మంచిదనిపిస్తే గట్ల చెయ్యి అన్నట్టున్నది."

"నీకు ప్రతినిధి అంటే ఏందో తెల్వదు, ఊకో" అన్న. నేను. పౌరశాస్త్రం లెక్చరర్ను. "ఆయన మనింట్ల తిన్న మనిషి."

"తిన్నడు, ఎవరు కాదన్నరు? కోడిని కూడ మేపినోడే కోస్తడు" అని మల్ల పొట్ల కాయ కోసుకున్నది.

శనివారం పొద్దుమూకి పాటల ప్రాక్టీస్ అయినంక, చర్చి అరుగు మీద ఇరవై రెండు మంది సంతకాలు పెట్టిండ్రు. సంతకం రానోళ్లు వేలిముద్రలేసిండ్రు. బాపుది కూడ వేలిముద్రనే. సిమెంట్ మోసి మోసి ఆ బొటనవేలు గీతలరిగిపోయి, కాయిదం మీద నల్ల మచ్చ పడ్డది గంతే. "ఇది నాదని ఎవరన్న నమ్ముతరా?" అని నవ్విండు.

కోత పండుగ మంచిగ నడిచింది. గుమ్మడికాయలు, జొన్న కంకులు, ఒక బుట్ట తొలి పత్తి, కాళ్లు కట్టిన కోళ్లు. ప్రార్థనల బాపు ముంగటికి వచ్చి, "గీ గడియల మా యూనియన్ కొరకు, మా తరఫున నిలబడ్డ అన్న కొరకు దేవుణ్ణి అడుగుదం" అన్నడు. అందరం కండ్లు మూసుకున్నం. నేను ఒక కన్ను తెరిచి ఫోన్ల టైం చూసిన. పదిన్నర. ఇప్పుడు చేతులు ఎత్తుతుండొచ్చు అనుకున్న. గంత గట్టిగ ఆమెన్ నేను అంతకుముందు ఎన్నడూ అనలే.

ఆరాధన అయినంక అర్పణల వేలంపాట. నేను ఒక నల్ల కోడి కోసం పాస్టరమ్మ తమ్మునితోని పంతానికి పాడుతున్న. అప్పుడు గేటు కాడ బండి ఆగింది. రెండో ముఠా మేస్త్రీ. లోపటికి రాలే. నన్ను చేతితోని పిలిచిండు. గెలిచినం అని చెప్ప వచ్చిండనుకొని కోడిని ఇడిసి ఉరికిన.

"కాయ్ తాయీ," అన్నడు. అక్కా అని పిలుస్తున్నడు గని ఆ గొంతుల అక్కతనం లేదు. "మమ్ముల పిచ్చోళ్లనుకున్నరా?"

"ఏమైంది భావూ?" అన్న, నేను కూడ మరాఠీ వరసతోని.

"మా ముఠా మొత్తం మీ కోసం చెయ్యెత్తింది. మా సోపతోళ్లు, మా సుట్టాలు, అందరు మా మొఖాల మీద తిట్టిండ్రు. అయినా దింపలే. మీరేమో మామూలే మంచిగున్నదని రాసి పంపుతరా?"

"మేమెక్కడ రాసినం?"

ఆయన ఫోన్ తీసి నా చేతుల పెట్టిండు. ఎవరో తీసిన వీడియో. అన్న నిలబడి ఉన్నడు. చేతిల కాయిదం. గంత చిన్న అద్దంల కూడ నా రాత నేను గుర్తువట్టిన.

"ఐదో ముఠా సాథీలు తమ నిర్ణయం నాకు అప్పజెప్పిండ్రు" అంటున్నడు అన్న. గొంతు ఎప్పటి తీరుగనే, నన్ను బస్సెక్కిచ్చిన గొంతు. "యూనియన్ ఐక్యత కోసం వాళ్లు పాత మామూల్‌నే ఉంచాలంటున్నరు. ఇది చిన్న త్యాగం గాదు. ఇరవై రెండు చేతులు మామూల్ దిక్కు రాసుకోండ్రి."

చప్పట్లు. మూడు ముఠాలు కొడుతున్నయ్. మా త్యాగానికి.

వెనక వేలంపాట నడుస్తనే ఉన్నది. నల్ల కోడి ఎవరికో పోయింది. బాపు నా పక్కకు వచ్చి నిలబడ్డడు. వీడియో మల్ల పెట్టుమన్నడు. మల్ల పెట్టిన. చూసి, మేస్త్రీ దిక్కు తిరిగి రెండు చేతులు జోడిచ్చిండు. మేస్త్రీ ఆ చేతుల దిక్కు చూడలే. "కాకా, ఆయన్ను నమ్మిండ్రు. మీ పక్క పొంటి బస్తాలు మోసే మమ్ముల నమ్మలే. మాకు ఒక్క మాట చెప్తే మేమే ఆ కాయిదం తెచ్చి సదివి, మేమే లెక్క చెప్పక పోదుమా?" అని బండి తిప్పుకొని పోయిండు.

తెల్లారి నేను కాలేజీకి పోలే, యూనియన్ ఆఫీసుకు పోయిన. ఆఫీసు ముంగట రెండు మంచినీళ్ల రంజన్లుంటయి. ఒకటి తలుపు కాడ నీడకు, ఒకటి గోడ మూలకు ఎండల. ఏది ఎవరిదో చిన్నప్పటి నుంచి ఎరుకనే, ఆ పొద్దు మాత్రం కావాలని నీడ రంజన్ల నీళ్లు ముంచుకొని తాగి లోపటికి పోయిన.

"రా బిడ్డా. కోపం మీద ఉన్నవు" అన్నడు అన్న.

"కోపం గాదు, అనుమానం. నాకు చదువొచ్చా రాదా అని. ఆ కాయిదంల మామూల్ అన్న మాట ఏ లైన్ల ఉన్నదో జర చూపియ్యి."

"నా నిర్ణయమే మీ నిర్ణయం అని ఉన్నది."

"వంతుకు పెడ్తవని ఇచ్చినం!"

"పెడదమనే కూసున్న." ఆయన గొంతు పెద్దగ చేయలే. గదే నాకు ఎక్కువ మండింది. "ఆ మూడు ముఠాల మేస్త్రీలు వచ్చి, వంతు గెలిస్తే మేం యూనియన్ల ఉండం, వేరే జెండా పెట్టుకుంటం అన్నరు. మూడు ముఠాలు పోతే యూనియనే లేదు. కాంట్రాక్టర్ మల్ల వస్తడు. అప్పుడు మీ బాపుకు సిమెంట్ కూడ దొరకది. నేను యూనియన్ను కాపాడిన."

"ఎవరి నుంచి కాపాడినవు అన్నా? మా నుంచా?"

"తప్పుగ అర్థం చేసుకుంటున్నవు."

"వాళ్లు పోతమంటే భయపడ్డవు. మేం పోతమంటే ఎందుకు భయపడవు?"

ఆయన మొదటిసారి నా కండ్లల్లకు చూసిండు. "మీరు ఎక్కడికి పోతరు బిడ్డా?" అన్నడు.

ఎక్కిరిస్తలేడు. ప్రేమగనే అన్నడు. గంత నిజం ఆయన నోట్ల నుంచి అంతకుముందు ఎన్నడూ రాలే. మేం ఎక్కడికీ పోలేం గనుక మమ్ముల ఇచ్చేసిండు. ఎర్ర జెండా, క్రిస్మస్ కూర, నా హాస్టల్ సీటు, అన్ని నిజమే. ఇది కూడ నిజమే. మనసున్నోడే మోసం చేసిండు, అందుకే ఇంత నొస్తున్నది. దొంగ దోచుకపోతే ఠాణాకు పోతం. ఇంటోడు తలుపు తీసిస్తే ఎక్కడికి పోవాలె?

"నన్ను నిలబడుమన్నది నువ్వే" అన్న నేను.

"అవసరమొచ్చినప్పుడు కూసునుడు కూడ నేర్చుకోవాలె" అన్నడు.

ఇంటికొచ్చి నేను అరిచిన అరుపులు వాడ మొత్తం విన్నది. యూనియన్ల నుంచి బయటికి రాండ్రి, కేసు పెడదం, పేపరుకు ఎక్కిద్దం. బాపు అరుగు మీద కూసొని రుమాలు మడత పెడుతుండు.

"నువ్వేమంటవు బాపూ? ఏదన్న మాట్లాడు!"

"ఏమనాలె బిడ్డా? కాయిదం నీది, వేలిముద్ర నాది. అందుల ఆయనదేమున్నది?"

  అవ్వ "నేను చెప్పలేదా" అంటే తేలిక అయ్యేది, ఆమె అనలే, ఆ రోజు బువ్వల ఒక ముద్ద ఎక్కువ కలిపి నా ముంగట పెట్టింది.

మల్ల సమావేశం యాడాదికి. ఆ యాడాది బాపు ఎన్ని సిమెంట్ ర్యాకులు దించిండో నాకు ఎరుక, బెల్లం తెచ్చేది నేనే. మెట్లెక్కితే ఆగుతుండు, పాట పాడితే సగంల ఆపుతుండు.

ఈసారి మేం పాస్టర్ గారి దగ్గరికి పోయినం. వాళ్లు సమావేశం టైం జరపరు, ఆరాధన టైమే జరుపుమన్నం. ముసలోళ్లు గునిగిండ్రు. "తాతల నాటి నుంచి పది గంటలకే ఉన్నది. దేవుని టైం మారుస్తరా?" అన్నది ఒక ముసలమ్మ. మాకు కూడ ఒక మామూల్ ఉన్నది మరి. పాస్టర్ గారు, "దేవుడు ఆరు గంటలకే లేస్తడు, మీరు లేస్తరా లేదా చెప్పుండ్రి" అన్నడు. గంతే. ఆ ఆదివారం ఆరు గంటలకు, మంచుల, పిల్లలు కండ్లు నులుముకుంటుంటే ఆరాధన అయిపోయింది. తొమ్మిదింటికి ఇరవై రెండు మంది ఉతికిన అంగీలేసుకొని, జేబుకు యూనియన్ బిల్ల పెట్టుకొని నడిచిండ్రు. ఎత్తను తమ చేతులు తీస్కొని పోయిండ్రు, కాయిదం పట్టుకొని పోలే. నేను సభ్యురాలిని గాదు. కిటికీ బయట నిలబడ్డ.

రెండో ముఠా మేస్త్రీ లోపటికి పోయేటప్పుడు నా కాడ ఆగిండు. అంతకుముందే రెండుసార్లు వాళ్లింటికి పోయి మాట్లాడిన. "చూద్దం తాయీ" అనే చెప్పిండు.

"మావాళ్లు వింటలేరు" అన్నడు ఇప్పుడు, చెప్పుల దిక్కు చూసుకుంట. "ఒకసారి ఎత్తి నగుబాటైనం, వాళ్ల కోసం ఇంక ఎత్తం అంటున్నరు. నేనేం చెప్పాలె వాళ్లకు?"

  ఆ కాయిదం మా ఓట్లే గాదు, ఈ మనిషిని కూడ తీస్కపోయింది.

లోపట బాపు లేచి వంతు సంగతి చెప్పిండు. నాలుగు మాటలే, మధ్యల రెండుసార్లు దగ్గిండు. అన్న కుర్చీల కూసొని విన్నడు, వింటున్నంతసేపు బల్ల మీది రూళ్లకర్రను సదురుతనే ఉన్నడు. "వంతు కావాలన్నోళ్లు చేతులెత్తండ్రి" అన్నడు.

ఇరవై రెండు చేతులు లేచినయ్. మెడలు తిప్పి రెండో ముఠా దిక్కు చూసిండ్రు మావాళ్లు. అక్కడ మేస్త్రీ ఒక్కడే మోచెయ్యి దాక ఎత్తిండు. చుట్టు చూసి, మల్ల దించిండు.

లెక్కైంది. రాసుకున్నరు. మావాళ్ల చేతులు ఒక్కటొక్కటిగ కిందికి దిగినయ్. బాపుది దిగలే. పగిలిన అరచెయ్యి, గీతలరిగిన బొటనవేలు, పైకి నిలబడే ఉన్నది. ఎవరో నవ్విండ్రు.

"దింపు మేస్త్రీ, లెక్క అయిపోయింది" అన్నడు అన్న.

"ఉండనియ్యి అన్నా జరసేపు" అన్నడు బాపు. "పోయినేడు దీన్ని నువ్వెత్తినవు. ఎంత బరువుంటదో నేను చూస్తున్న."

 అన్న తలొంచి రిజిస్టర్ల ఏదో రాసుకున్నడు, రాసేది ఏం లేకపోయినా. బాపు తనకు తోచినంతసేపు ఎత్తి పట్టి, దగ్గు వచ్చినప్పుడు దించి నోటికి అడ్డం పెట్టుకున్నడు.

తెల్లారి సిమెంట్ ర్యాక్ వచ్చింది. అవ్వ రుమాలు కొసకు బెల్లం ముడేసింది.